మందుల చీటీ దగ్గర ఆగిపోయిన పాతిక లక్షలు

మొన్న ఆదివారం పొద్దున షాపు తెరిచి దేవుడి పటానికి అగరొత్తులు వెలిగిస్తుండగానే కౌంటరు ముందు ఇద్దరు వాదన పెట్టుకున్నారు, సర్కారు ఖర్చుతో ఆసుపత్రి వైద్యం చేయించే ఆరోగ్యశ్రీ పథకం మీద. ఒకాయనది జగన్ పార్టీ, రెండో ఆయనది చంద్రబాబు పార్టీ. ఇద్దరూ నాకు పదేళ్ళ నుంచి తెలిసినవాళ్ళే. "పాతిక లక్షల దాకా వైద్యం ఇచ్చింది మావాడు. దాన్ని మీవాళ్ళు తీసుకెళ్ళి ఇన్సూరెన్స్ కంపెనీ చేతిలో పెడుతున్నారు" అని ఒకాయన. "మీరిచ్చింది జీవో కాగితం. ఆసుపత్రులకు బాకీలు పెట్టి పోయారు. మేం ఉన్నోడికీ లేనోడికీ అందరికీ ఇస్తున్నాం" అని రెండో ఆయన. పావుగంట సేపు గొంతులు తగ్గలేదు. అంతసేపూ వాళ్ళ వెనకాల ఒక పెద్దావిడ చీటీ పట్టుకుని ఓపిగ్గా నిలబడి ఉంది. వాళ్ళు టీకి వెళ్ళాక ముందుకొచ్చి చీటీ నా చేతిలో పెట్టింది. షుగరు, బీపీ, థైరాయిడు. నెలకు రాసిన మందులు.

"పది రోజులకే ఇవ్వు నాయనా" అంది.

షీట్లు కత్తిరించి పదిపది బిళ్ళలు కవర్లో వేసి ఇచ్చాను. గుంటూరు కొత్తపేటలో ఇరవై నాలుగేళ్ళుగా నేను చేస్తున్న పని ఇదే. మా వీధికి అటూ ఇటూ ఆసుపత్రులే. పల్నాడు నుంచి, బాపట్ల వైపు నుంచి, ఒక్కోసారి ప్రకాశం జిల్లా నుంచి కూడా ఇక్కడికే వస్తారు. ఆ ఇద్దరికీ నేను అప్పటికప్పుడు ఏమీ చెప్పలేకపోయాను. బేరం పోతుందన్న భయం కాదు. చెప్పాల్సింది ఒక్క మాటలో తేలేది కాదు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రాష్ట్రంలో ప్రతి కుటుంబానికీ ఈ ఆరోగ్యశ్రీ కార్డు ఉండాలి, ఆదాయంతో పని లేకుండా. కానీ పార్టీలు పోటీపడి పెంచుతున్న ఆ పరిమితి అంకె కంటే, ఆసుపత్రికి డబ్బు ఏ రోజున అందుతుంది, రోగికి నెలనెలా మందు ఎక్కడ దొరుకుతుంది అన్న రెండు ప్రశ్నలే నాకు పెద్దవి. ఆ రెండూ తేల్చకుండా పరిమితి ఎంత పెంచినా, నా కౌంటరు దగ్గర షీట్లు కత్తిరించడం ఆగదు.

అక్కయ్య ఆదాయం గీతకు అవతల పడింది

ఉన్నవాళ్ళకు కూడా ఎందుకివ్వాలి అని చాలా ఏళ్ళు నేనూ అన్నాను. తెల్లకార్డు వాళ్ళకే చాలడం లేదు, కారున్నవాడికి, మేడ ఉన్నవాడికి సర్కారు సొమ్ముతో వైద్యం ఏమిటని మా వీధిలో గట్టిగా వాదించినవాణ్ణి.

2021లో మా పెద్దక్కకు రొమ్ము క్యాన్సరు బయటపడింది. వాళ్ళది తెనాలి. మా బావగారికి రెండు లారీలు. రెండో లారీకి లోను కావాలంటే బ్యాంకువాళ్ళు రిటర్నులు అడుగుతారు, అందులో ఆదాయం కనపడాలి. కాబట్టి ఆడిటర్ చెప్పినట్టు చూపించారు. ఆ కాగితం లోను తెచ్చిపెట్టింది, ఆరోగ్యశ్రీని దూరం చేసింది. ఏడాదికి ఐదు లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్ళకే అప్పటి నిబంధన. డీజిలు, టైర్లు, కిస్తీ, డ్రైవర్ బత్తా పోగా ఆ ఇంట్లో నెలకు మిగిలేదెంతో నాకు తెలుసు. కానీ కంప్యూటర్‌కు తెలిసేది రిటర్నులో అంకె ఒక్కటే.

ఆపరేషన్, తర్వాత కీమోలు, ఆ తర్వాత రేడియేషన్. నందివెలుగు రోడ్డులో మూడు సెంట్ల స్థలం ఉండేది, అది మూడో కీమోకే పోయింది. వార్డులో అక్క పక్క మంచం మీద పొన్నూరు దగ్గర పల్లెటూరి నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. అదే జబ్బు, అదే డాక్టరు, అవే సీసాలు. ఆమెకు కార్డు ఉంది. ఇద్దరూ ఎంత కలిసిపోయారంటే అక్క క్యారేజీలో పప్పుచారు ఆవిడకూ వెళ్ళేది. ఒకరోజు అక్క నాతో అంది: "దానికి ఉచితంగా జరిగిందని నాకేం ఏడుపు లేదురా. జరగాల్సిందే. కానీ నాకొచ్చింది కూడా అదే రోగం కదా."

ఆ మాట తర్వాత నేను మళ్ళీ ఎప్పుడూ 'ఉన్నవాళ్ళకెందుకు' అనలేదు. క్యాన్సరు వచ్చేనాటికి ఉన్నవాళ్ళుగా ఉన్నవాళ్ళు, అది తగ్గేనాటికి లేనివాళ్ళయిపోతారు. గీత ఎక్కడ గీసినా దానికి ఒక అడుగు అవతల ఎవరో ఒకరు నిలబడే ఉంటారు.

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించిన విధానంలో ఈ గీత చెరిపేశారు. మొత్తం 1.63 కోట్ల కుటుంబాలకు రెండున్నర లక్షల దాకా ఇన్సూరెన్స్ ద్వారా, పేద కుటుంబాలకు ఆపైన పాతిక లక్షల దాకా ప్రభుత్వమే నడిపే ట్రస్టు ద్వారా. అందులో 1.43 కోట్ల కుటుంబాలు పాత లెక్కలోనే పేదలుగా ఉన్నవాళ్ళు. అంటే కొత్తగా చేరేది సుమారు ఇరవై లక్షల కుటుంబాలే. ఇంత రాద్ధాంతం ఆ కొసరు కోసమా అనిపిస్తుంది కానీ, ఆ కొసరులోనే మా అక్కలాంటివాళ్ళు ఉన్నారు. కేంద్రం కూడా 2024 అక్టోబరు నుంచి డెబ్బై ఏళ్ళు దాటిన వాళ్ళందరికీ ఆదాయం అడగకుండానే ఆయుష్మాన్ భారత్ కింద ఐదు లక్షల వైద్యం ఇస్తోంది. వయసు విషయంలో ఒప్పుకున్న సూత్రాన్ని జబ్బు విషయంలో ఒప్పుకోవడానికి అభ్యంతరం ఏమిటో నాకు అర్థం కాదు.

నా ఆడిటర్ మిత్రుడొకడు దీనికి అడ్డం చెబుతాడు. "ఉన్న కుండలో నీళ్ళే అందరికీ పోస్తే దాహంతో ఉన్నవాడి గ్లాసు తగ్గదా?" అంటాడు. తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదది. 2025-26 రాష్ట్ర బడ్జెట్ సుమారు 3.22 లక్షల కోట్లయితే, అందులో వైద్యారోగ్యానికి కేటాయించింది 19,264 కోట్లు. నూటికి ఆరు రూపాయలు కూడా కాదు. 2017 జాతీయ ఆరోగ్య విధానం రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో ఎనిమిది శాతం పైగా పెట్టాలని, అదీ 2020 కల్లా అని చెప్పింది. కాబట్టి కుండ చిన్నదన్న మాట నిజమే, కానీ దాన్ని పెద్దది చేయమని అడిగేవాళ్ళెవరు? గీతకు లోపల ఉన్న హమాలీ అడిగితే వినేవాళ్ళు లేరు. లాయరు గారి తల్లి ఫైలు, కాలేజీ లెక్చరర్ భార్య ఫైలు కూడా ఆసుపత్రిలో ఈ పథకం కాగితాలు చూసే అదే ఆరోగ్యమిత్ర బల్ల మీద పడితే అడిగే గొంతులు పెరుగుతాయి. అందుకే అందరూ రావాలంటాను.

అయితే అదే లాయరు గారు ఫోను చేయించుకుని లైనులో ముందుకు వెళ్ళిపోతారన్న భయం నాకూ ఉంది. సిఫారసు మంచాలు నేను చూశాను. గొంతున్నవాడు వస్తే వ్యవస్థ బాగుపడుతుందని నేను నమ్ముతున్నాను, కానీ బాగుపడేలోపు కొన్నాళ్ళు గొంతులేనివాడు వెనక్కి జరుగుతాడేమో అన్న శంక మాత్రం నన్ను వదల్లేదు.

అంకె ఎట్లా పెరిగిందంటే

2007లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలుపెట్టినప్పుడు లక్షన్నర, అత్యవసరమైతే ఇంకో యాభై వేలు. రాష్ట్రం విడిపోయాక చంద్రబాబు ప్రభుత్వం ఎన్టీఆర్ వైద్యసేవ అని పేరు మార్చి రెండున్నర లక్షలు చేసింది. 2019 తర్వాత జగన్ ప్రభుత్వం మళ్ళీ ఆరోగ్యశ్రీ చేసి, అప్పటికి ఐదు లక్షలున్న పరిమితిని 2023 డిసెంబరులో పాతిక లక్షలకు పెంచింది. 2024లో మళ్ళీ ఎన్టీఆర్ వైద్యసేవ. బోర్డులు ఎన్నిసార్లు మారినా మా కౌంటరు దగ్గర అందరూ ఆరోగ్యశ్రీ అనే అంటారు, పసుపు చొక్కా వేసుకున్నవాళ్ళు కూడా.

చేసిన మేలును తక్కువ చేయను. 2007కి ముందు గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్మకమే. పల్నాడులో ఎంత భూమి ఆ దారిన చేతులు మారిందో ఆ ఊళ్ళవాళ్ళకు తెలుసు. కాలేయ మార్పిడి, ఎముక మజ్జ మార్పిడి అవసరమైన ఇంటికి పాతిక లక్షల పరిమితి ప్రాణంతో సమానం. ఆ ఇళ్ళు కొద్దే అయినా, వాళ్ళ కోసం ఆ అంకె ఉండాలి. నా పేచీ అంకెతో కాదు, ఆ అంకె చూపించి మిగతా లెక్క దాటేయడంతో.

అక్టోబరులో పదో తారీఖు

మిరపయార్డులో టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, మోసే హమాలీ ఒకాయన నాకు పాత ఖాతాదారు. యాభై ఐదేళ్ళుంటాయి. కిందటేడు దసరా వెళ్ళాక టిక్కీ ఎత్తబోయి గుండె పట్టేసి కూలబడ్డాడు. యాంజియోగ్రామ్ తీసి ఒక నాళం బాగా మూసుకుపోయింది, స్టెంటు వేయాలన్నారు. ఆరోగ్యమిత్ర కాగితాలు ఆన్‌లైన్‌లో పెట్టాడు, అప్రూవల్ వచ్చింది. శనివారం రమ్మన్నారు.

శుక్రవారం, అంటే 2025 అక్టోబరు 10న, ఈ పథకం కింద వైద్యం చేసే నెట్‌వర్క్ ఆసుపత్రులు రాష్ట్రమంతా సేవలు ఆపేశాయి. తమకు రావాల్సిన బకాయి 2,700 కోట్లని స్పెషాలిటీ ఆసుపత్రుల సంఘం చెప్పింది. శనివారం పొద్దున ఈయన భార్య, కొడుకు ఆసుపత్రి నుంచి నేరుగా నా షాపుకే వచ్చారు. ఆమె చేతిలో అప్రూవల్ కాగితం ప్లాస్టిక్ కవర్లో ఉంది, చెమటకు తడవకుండా. "అన్నయ్యా, ఇందులో ఓకే అని ఉందంట కదా. మరి డబ్బు కడితేనే చేస్తామంటున్నారేంది? ఇది చెల్లదా?" అని అడిగింది. నేను ఆ కాగితం తీసుకుని చదివాను. చెల్లుతుంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పేరు, వయసు, కార్డు నంబరు, చేయాల్సిన చికిత్స, మంజూరైన మొత్తం. దాన్ని పట్టుకుని ఏం చెప్పాలో నాకు తోచలేదు. నాలుక కింద పెట్టుకునే బిళ్ళలు ఒక షీటు ఇచ్చి, నొప్పి వస్తే పెద్దాసుపత్రికి పరిగెత్తమని చెప్పి పంపాను. మూడు వారాల సమ్మె అయ్యాక నవంబరులో స్టెంటు పడింది. ఆ మూడు వారాలూ ఆయన మంచం దిగలేదు, ఆమె మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్ళింది.

ఆసుపత్రిని తిట్టడం సులువు. కానీ నేనూ వ్యాపారినే. హోల్‌సేల్ ఏజెన్సీ నాకు ముప్ఫై రోజుల అప్పు ఇస్తుంది, ముప్ఫై ఒకటో రోజున సరుకు ఆపేస్తుంది. స్టెంటు సరఫరా చేసేవాడు, ఆక్సిజన్ ఇచ్చేవాడు, నర్సు జీతం, ఇవేవీ ప్రభుత్వం బిల్లు పాస్ చేసేదాకా ఆగవు. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రి ఏడాది బాకీ మోయగలదు. ముప్ఫై మంచాల నర్సింగ్‌హోం మోయలేదు. మోయలేనివాడు రెండు పనులు చేస్తాడు: కార్డు రోగిని మంచాలు లేవని పంపించేస్తాడు, లేకపోతే రక్తపరీక్షలు, మందులు బయట తెచ్చుకోండని చీటీ రాస్తాడు. రెండో రకం చీటీలు నా దగ్గరకే వస్తాయి. ఉచిత వైద్యం చేయించుకుంటున్న రోగికి డబ్బు తీసుకుని మందులమ్మేవాణ్ణి నేనే.

ఇది ఒక పార్టీ పాపమని ఎవరన్నా చెబితే నేను వినను. 2024 మేలో ఆసుపత్రులు సేవలు ఆపినప్పుడు ఒక ప్రభుత్వం, 2025 ఏప్రిల్‌లో, అక్టోబరులో ఆపినప్పుడు ఇంకో ప్రభుత్వం. మొన్న ఆదివారం రెండో ఆయన ఎదుటివాడి బాకీ గురించి చెప్పింది నిజమే, కానీ ఆ బాకీ ఆయనవాళ్ళకూ ఉంది.

కంపెనీయా, ట్రస్టా

ఇప్పుడు వాదనంతా దీని మీదే నడుస్తోంది. ఇన్సూరెన్స్ కంపెనీ వస్తే లాభం కోసం క్లెయిములు కొట్టేస్తుందని ప్రతిపక్షం. కంపెనీ అయితే ఆరు గంటల్లో అనుమతి, పదిహేను రోజుల్లో చెల్లింపు అని ప్రభుత్వం. కొందరు ఇదేదో కొత్త ప్రయోగం అన్నట్టు మాట్లాడుతున్నారు కానీ 2007లో ఆరోగ్యశ్రీ మొదలైందే ఇన్సూరెన్స్ కంపెనీతో. ట్రస్టు నేరుగా డబ్బు చెల్లించడం ఆ తర్వాత వచ్చిన మార్పు. తమిళనాడులో ముఖ్యమంత్రి ఆరోగ్య బీమా ఈనాటికీ ఇన్సూరెన్స్ పద్ధతిలోనే నడుస్తోంది.

నాకు కంపెనీల మీద ప్రేమ లేదు. సొంతానికి పాలసీ కట్టుకున్నవాళ్ళు డిశ్చార్జి రోజున సాయంత్రం దాకా 'కంపెనీ నుంచి మెయిల్ రాలేదు' అని ఆసుపత్రి మెట్ల మీద కూర్చోవడం వారానికి రెండుసార్లు చూస్తాను. కానీ ట్రస్టు చేతిలో ఉంటే పేదవాడికి భద్రమన్న మాట అక్టోబరు 10 తర్వాత అనడానికి నాకు నోరు రావడం లేదు. కంపెనీకైనా ప్రభుత్వం ప్రీమియం కట్టాలి కదా. ఆ ప్రీమియమే సమయానికి పడకపోతే? అప్పుడు కంపెనీ ఆగుతుంది, కంపెనీ ఆగితే ఆసుపత్రి ఆగుతుంది, బాకీ ఇంకొక మెట్టు పైకి జరుగుతుంది అంతే. హమాలీ భార్య చేతిలో కాగితం మాత్రం అక్కడే ఉంటుంది.

అందుకని ఎవరి ద్వారా అన్నదాని కన్నా, గడువు దాటితే ఎవరు జవాబు చెప్పాలి అన్నది ముందు రాసుకోవాలి. పదిహేను రోజులని విధానంలో ఉంది సరే, దాన్ని శాసనసభ చట్టంగా చేయాలి. ప్రతి మూడు నెలలకూ సరిపడా డబ్బు ముందే విడిగా ఒక ఖాతాలో వేసి ఉంచాలి, వేరే ఖర్చులకు దాన్ని కదపకూడదు. గడువు దాటితే ఆసుపత్రికి వడ్డీ కట్టాలి. అప్రూవల్ ఇచ్చాక వైద్యం ఆపిన ఆసుపత్రిని అప్పుడు నిలదీయొచ్చు. ఇప్పుడు నిలదీసే నైతిక హక్కు ప్రభుత్వానికి లేదు. నిలదీయదు కూడా. ఏ ఆసుపత్రికి ఎంత బాకీ, ఎన్ని రోజులుగా అన్నది ప్రతి నెలా వెబ్‌సైట్‌లో పెట్టడానికైతే పైసా ఖర్చు లేదు. ఆ ఒక్క పని ఏ ప్రభుత్వం చేసినా నేను ఆ పార్టీని మెచ్చుకుంటూ ఇక్కడే రాస్తాను.

పది బిళ్ళల లెక్క

ఇక చీటీ సంగతి. ఇన్సూరెన్స్ అయినా ట్రస్టు అయినా ఆసుపత్రిలో మంచం ఎక్కిన రోగం కోసం పుట్టినవి. మంచం ఎక్కకుండా ఉండేందుకు మింగే బిళ్ళ వాటి లెక్కలోకి రాదు. 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో వైద్యం మీద ఖర్చయ్యే ప్రతి వంద రూపాయల్లో 39 రూపాయలకు పైగా జనం సొంత జేబులోంచి పెట్టుకుంటున్నారు. 2013-14లో ఇది 64. తగ్గింది, బాగా తగ్గింది. కానీ ఆ మిగిలిన ముప్ఫై తొమ్మిదిలో ఒక వాటా రోజూ పొద్దున తొమ్మిది నుంచి రాత్రి పది దాకా నా గల్లాపెట్టెలో పడుతుంది. అది చెప్పడానికి సంతోషంగా లేదు, కానీ అబద్ధం చెప్పలేను.

పల్లెల్లో ప్రయత్నం జరగలేదని కాదు. 2023 ఏప్రిల్‌లో చిలకలూరిపేట దగ్గర లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టర్ పథకం మొదలైంది. విలేజ్ క్లినిక్‌లో 105 రకాల మందులు, 14 రకాల పరీక్షలు. ఆ పక్క ఊళ్ళ నుంచి నా దగ్గరకు బీపీ మందుకు వచ్చే నలుగురైదుగురు రావడం మానేశారు. నా వ్యాపారం తగ్గిన అరుదైన సందర్భం అది, మంచి పని జరిగిందనడానికి నాకు వేరే రుజువు అక్కర్లేదు. కొన్నాళ్ళకు వాళ్ళలో ఇద్దరు తిరిగొచ్చారు, సరుకు సరిగ్గా రావడం లేదని. మళ్ళీ అదే రోగం. మొదలుపెట్టిన చోట ఉత్సాహం ఉంటుంది, సరఫరా చేసే చోట డబ్బు ఉండదు.

ధర మీద చేయి వేస్తే ఏమవుతుందో కూడా చూశాం. 2017 ఫిబ్రవరిలో మందుల ధరలు నిర్ణయించే కేంద్ర సంస్థ ఒక్క ఉత్తర్వుతో మందు పూత ఉన్న స్టెంటు గరిష్ఠ ధరను 29,600 చేసింది. అంతకుముందు రోగి బిల్లులో అది లక్ష దాటేది. ఏ కార్డూ అవసరం లేకుండా, ఏ సమ్మెకూ లొంగకుండా ఆ తగ్గింపు ఉన్నవాడికీ లేనివాడికీ ఒకేలా అందింది. తమిళనాడు ముప్ఫై ఏళ్ళ కిందటే మందుల కొనుగోలుకు ప్రత్యేకంగా ఒక కార్పొరేషన్ పెట్టుకుని టోకున కొని సర్కారు ఆసుపత్రులకు పంపుతోంది. మన అసెంబ్లీలో పేర్ల మీద జరిగిన చర్చలో పదో వంతు దీని మీద జరిగి ఉంటే ఎంత బాగుండేది.

స్టెంటు పడ్డ తర్వాత

హమాలీ జనవరిలో షాపుకొచ్చాడు, నడుచుకుంటూనే. చీటీలో రక్తం పలచబడే బిళ్ళ, కొలెస్ట్రాల్ బిళ్ళ, బీపీ బిళ్ళ, గ్యాస్ బిళ్ళ. "పదిహేను రోజులకు చాలు అన్నా" అన్నాడు. కిందటి నెల చీటీ వెనక నేను వేసిన ముద్ర చూశాను. అప్పుడూ పదిహేను రోజులకే తీసుకెళ్ళాడు. ఆ తర్వాత మళ్ళీ రాలేదు. మధ్యలో పన్నెండు రోజులు బిళ్ళ లేదు.

స్టెంటు వేసిన కొత్తలో ఆ రక్తం పలచబడే బిళ్ళ ఆపితే లోపల గడ్డకట్టి అదే నాళం మళ్ళీ మూసుకుపోవచ్చు. ప్రభుత్వం డబ్బు పెట్టి వేయించిన స్టెంటు, మూడు వారాలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వేయించుకున్న స్టెంటు, బిళ్ళలు లేని పన్నెండు రోజుల మీద వేలాడింది. నాకు కాళ్ళలోంచి వణుకొచ్చింది. ఆయన మీద అరిచాను కూడా. ఆయన తల వంచుకుని, "యార్డులో ఇంకా బరువు ఎత్తనివ్వడం లేదన్నా, ఊడ్చే పని ఇచ్చారు" అన్నాడు.

కొన్ని ఆపరేషన్లకు ఏడాది పాటు డాక్టరు చూపు, పరీక్షలు, మందులు కలిపి ఫాలోఅప్ ప్యాకేజీ ఈ పథకంలోనే ఉంది. స్టెంటు అందులో ఉంది. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, చీటీ తెచ్చినప్పుడల్లా బిళ్ళలు కత్తిరించి ఇచ్చానే తప్ప. ఆ రోజు షాపు కుర్రాడికి అప్పగించి ఆయనతో పాటు ఆసుపత్రికి వెళ్ళాను. ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర కుర్రవాడు మర్యాదగానే కంప్యూటర్‌లో చూశాడు. "మీకు ఉంది బాబాయ్, రావాల్సిందే. కానీ ఈ నెల మందులు ఇంకా రాలేదు. వచ్చే సోమవారం కనుక్కోండి" అన్నాడు.

వెనక్కి వచ్చి ఒక్కో మందుకు నెలకు సరిపడా మూడేసి షీట్లూ కత్తిరించకుండా కవర్లో పెట్టి ఇచ్చాను. ఖాతా పుస్తకంలో ఆయన పేరు కింద రాసుకున్నాను. సోమవారం మళ్ళీ ఇద్దరం వెళ్ళాలి.